యాభై రెండో నిమిషం

సోమవారం

ప్రియమైన అక్కకు,

కవరు మీద నా చేతిరాత చూడగానే చించి పారేద్దామని అనిపించి ఉంటుంది నీకు. తెలుసు. అందుకే లోపల చేతికి గట్టిగా తగిలేలా ఒక డిస్కు పెట్టాను, అదేమిటో చూద్దామనైనా తెరుస్తావని. తెరిచావు కాబట్టి ఇంక చదువు. ఈ ఆరేళ్ళలో నిన్ను ఏమీ అడగలేదు. ఈ ఒక్క ఉత్తరం చివరిదాకా చదవమని అడుగుతున్నాను.

నీ గుమ్మం ఎక్కితే నీ చావు చూస్తానని ఒట్టు పెట్టావు. నేను ఎక్కలేదు. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. ఊరికి ఆ చివర నువ్వు, ఈ చివర నేను, మధ్యలో పోస్టు డబ్బా ఒక్కటే నాతో ఇంకా మాట్లాడుతోంది.

నేనిప్పుడు ఏం చేస్తున్నానో నీకు ఎవరైనా చెప్పారో లేదో. లారీల యార్డులో సరుకు మీద పట్టాలు కప్పి తాళ్ళు బిగిస్తాను. సినిమాల వైపు మళ్ళీ వెళ్ళలేదు. మనుషుల్ని తాడుకి కట్టే ధైర్యం పోయింది, మూటల్ని కట్టుకుని బతుకుతున్నాను. మూట కింద పడితే దాని పెళ్ళాం వచ్చి నా చొక్కా పట్టుకోదు కదా.

పోయిన శుక్రవారం మన పాత ఫైట్ మాస్టర్ యార్డుకి వచ్చాడు. ఏదో సినిమాలో గుడారాలు వెయ్యాలట, పాత పట్టాలు అద్దెకు కావాలట. నన్ను చూసి మొహం తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు, పక్కన కూర్చుని టీ తాగాడు. మాటల్లో రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, నేనూ బావా పనిచేసిన ‘ఆఖరి కాపలా’కి రెండో భాగం తీశారట. హాలు మొహం చూడకుండా నేరుగా డిస్కుల కొట్టుకే వచ్చిందట. మొదటి భాగంలో వాడకుండా మిగిలిపోయిన ముక్కలు బోలెడు అందులో అతికించారట. రెండోది, మన పిట్ట ఇప్పుడు ఆయన దగ్గరే ఫైట్లు చేస్తోందట. బావ ఏ పనిలో నడక పోగొట్టుకున్నాడో, నీ కూతురు అదే పనిలో! ఈ గురువారం కాక వచ్చే గురువారం నలభై అడుగుల మీద నుంచి దూకబోతోందట. మాస్టర్ ఆ పిల్లని తెగ మెచ్చుకున్నాడు. “తాడుతో దూకినా తాడు లేనట్టే పడుతుందయ్యా. అచ్చం వాళ్ళ నాన్నే” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఆదివారం మధ్యాహ్నం డిస్కుల కొట్టు వెనక గదిలో కూర్చుని సినిమా చూశాక ఎక్కింది.

ముందు ఆ సినిమా ఎలాంటిదో చెప్తాను, కొంచెం ఓపిక పట్టు. ఆఖరి కాపలా అన్నాక మళ్ళీ రెండోది ఏమిటి? మొదటి భాగం చివర సైన్యాధికారి చచ్చిపోయాడు, జెండా కూడా కప్పారు, మనమందరం చూశాం. ఇందులో ఆయన లేచి కూర్చున్నాడు. పైగా మనిషి మారాడు, గొంతు మారింది, నాలుగు వేళ్ళు పొట్టి కూడా అయ్యాడు. గాయాల వల్ల రూపు మారిందని ఒక డాక్టరు చేత చెప్పించి చేతులు దులుపుకున్నారు. ఎడారి అన్నది రాళ్ళ క్వారీ. శత్రువుల స్థావరం అన్నది మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ, గోడ మీద ‘హెల్మెట్ ధరించండి’ అన్న రాత కూడా చెరపలేదు. సైన్యం మొత్తం పదకొండు మంది. ఎడమ నుంచి కుడికి పరిగెత్తితే మనవాళ్ళు, కుడి నుంచి ఎడమకి పరిగెత్తితే పగవాళ్ళు. ఒకే హెలికాప్టర్ ముక్క ఐదుసార్లు వచ్చింది, ఐదుసార్లూ దాని తోక పక్క నుంచి అదే కొంగ ఎగిరింది. పిస్తోలుకీ ఫిరంగికీ ఒకటే చప్పుడు. అద్దెకు తీసుకెళ్ళినవాళ్ళు అరగంటలో వెనక్కి తెచ్చి మొహాన కొడుతున్నారని కొట్టాయన ఏడ్చాడు. సినిమా అయ్యాక నేను రెండు డిస్కులు కొంటానంటే నన్ను ఎగాదిగా చూశాడు.

అలా నవ్వుకుంటూ చూస్తున్నవాణ్ణి, యాభై రెండో నిమిషంలో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నీళ్ళ ట్యాంకు పైన కాపలా ఉన్న శత్రు సైనికుడు తూటా తగిలి కింద పడతాడు. ఆ సైనికుడు బావ. ఆ ట్యాంకు బావ పడ్డ ట్యాంకే. ఆ రోజు షాటే అక్కా, వెనక నుంచి తీసింది. సినిమా నిడివి చాలక ఆ ముక్కని నెమ్మది చేసి సాగదీశారు. కంటి రెప్పపాటులో అయిపోవాల్సింది అంగుళం అంగుళం నడుస్తుంది. పని తెలిసిన ఎడిటర్ ఎవడైనా ముందున్న భాగం కోసి పారేసేవాడు, ఎందుకంటే తెర ఎడమ అంచున తాడు కట్టేవాడి చేతులు కనిపిస్తున్నాయి. ఇక్కడ కొయ్యడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. ఆ చేతులు నావి. చిన్నప్పుడు నువ్వు ఇస్త్రీ పెట్టె అంటించిన మచ్చ బొటనవేలి మీద స్పష్టంగా కనిపిస్తోంది.

నా చేతులు బావ నడుము వెనక కొక్కెం తగిలించాయి. అది ఊడకుండా దాని మర తిప్పాయి. ఒకటి, రెండు, మూడు. తాడుని రెండుసార్లు లాగి చూశాయి. పక్కకి తప్పుకున్నాయి. అప్పుడు బావ కుడిచెయ్యి వెనక్కి వచ్చింది. మరని వెనక్కి తిప్పింది. కొక్కెం తెరిచింది. తాడు నడుము మీద నుంచి జారిపోయింది. ఆ తర్వాత దూకాడు.

డిస్కులో అంతవరకే ఉంది. తర్వాతది నీకూ నాకూ తెలుసు.

ఎందుకు విప్పాడో కూడా నాకు తెలుసు. అంతకుముందు రెండుసార్లు దూకితే, నేలకి దగ్గరయ్యాక తాడు పట్టేసి కుదుపు కనిపించింది, బొమ్మని దించినట్టు ఉందని డైరెక్టర్ అందరి ముందూ ఎగతాళి చేశాడు. బావ రోషం మనిషి. కింద పేర్చిన అట్టపెట్టెల్ని నమ్ముకుని దూకాడు, వాటి అంచు మీద పడ్డాడు. కంపెనీ గదిలో విచారణ పెట్టినప్పుడు రెండో కెమెరాలో రీలు అయిపోయిందని మేనేజరు చెప్పాడు గుర్తుందా? మర తిప్పావా అని నన్ను అడిగారు. తిప్పాను అన్నాను. ఖచ్చితంగానా అన్నారు. ఎన్ని వేలసార్లు తిప్పిన వేళ్ళు ఇవి, ఆ రోజుది ఏదో వీటికేం తెలుసు? మరిచిపోయానేమో అన్నాను. ఆ ‘ఏమో’ని ఎవరూ రాసుకోలేదు. నువ్వు లేచి వచ్చి నా చొక్కా పట్టుకున్నావు.

అప్పటినుంచి నేనే ఆయన్ని కుంటివాణ్ణి చేశానని నమ్మాను అక్కా. ఒక్కరోజు కాదు, ఆరేళ్ళు. అద్దం ముందు నిలబడితే మొహం కాదు, ఈ వేళ్ళే కనిపించేవి. కుమిలి కుమిలి చచ్చాను. డిస్కు చూశాక బావ మీద పట్టరాని కోపం వచ్చిందని ఒప్పుకుంటున్నాను. వీధిలో నిలబెట్టి నలుగురికీ చూపించాలనిపించింది. కాని కోపం చల్లారేసరికి మాస్టర్ మాట గుర్తొచ్చింది. తాడు ఉన్న మనిషి తాడు లేనట్టు పడడు. పడలేడు. చివర్లో నడుము దగ్గర కుదుపు ఉండి తీరుతుంది. పిట్ట కూడా విప్పేస్తోంది.

డిస్కు పెట్టి చూడు. బావకి చూపించు, పిట్టకి చూపించు. నన్ను పిలవకపోయినా ఫరవాలేదు.

నీ తమ్ముడు
చిన్నోడు


శుక్రవారం

అక్కా, తల్లిలాంటి అక్కా,

జవాబు రాలేదు. కవరు నీకే ఇచ్చానని పోస్టుమాన్ చెప్పాడు కాబట్టి అందలేదని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. నేను ఊరికే కూర్చోలేకపోయాను. పిట్టకి కనిపించకూడదని కూడా నువ్వు అన్నావు, కాని ఆ మాటకి ఒట్టు పెట్టలేదు. అందుకని నిన్న యార్డులో సెలవు అడిగి వాళ్ళు సాధన చేసే షెడ్డుకి వెళ్ళాను. ఇదిగో ముందే చెప్పేస్తున్నాను, నువ్వు ఇంకొకళ్ళ నోట వినేలోపు.

షెడ్డు ఒక పాత గోదాం. ఇనప దూలానికి తాడు, కింద పరుపులు, పక్కన చెమట కంపు కొట్టే చాపలు. పిట్ట పదిహేను అడుగుల బల్ల మీద నిలబడి ఉంది. ఎంత ఎదిగిందో! భుజాలు వాళ్ళ నాన్నవి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడే పొగరు మాత్రం నీది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. తాడు కట్టేవాడు కొక్కెం తగిలించి కిందికి దిగిపోయాడు. వాడు పైకి చూసేలోపు దాని చెయ్యి వెనక్కి వెళ్ళింది. బావ చెయ్యి వెళ్ళినట్టే, అదే కుడిచెయ్యి, అదే తీరు. పరుపు మీద పిల్లిలా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తాడు ఏదో గాలికి ఊగుతున్నట్టు ఊగుతోంది, దాని వైపు ఎవరూ చూడరు. చూసేదంతా పడేవాళ్ళనే.

పదిహేను అడుగులకి పరుపు చాలు. నలభై అడుగులకి ఏ పరుపూ చాలదు.

మాస్టర్‌ని పక్కకి పిలిచి చెప్పాను. ఆయనకి కోపం వచ్చింది. తన షెడ్డులో అలాంటి పని జరగదన్నాడు, కుర్రదాని పేరు పాడు చెయ్యకన్నాడు. డిస్కు సంగతి చెప్తే, ఆ చెత్త తను ఇరవై నిమిషాలు చూసి ఆపేశానన్నాడు. ఆరేళ్ళు నోరు మూసుకుని ఇప్పుడు ఏదో దొరికిందని వచ్చావా అన్నాడు. ఆయన్నీ తప్పు పట్టలేను. ఒకసారి మనిషిని పడేశాడని పేరుపడ్డవాడు తాడు గురించి నీతులు చెప్తే ఎవరు వింటారు?

ఈలోగా పిట్టే నన్ను చూసి వచ్చింది. నన్ను ‘మీరు’ అంది అక్కా. భుజాల మీద ఎక్కి జుట్టు పీకుతూ ‘ఒరే మామా’ అన్న పిల్ల. ఎందుకొచ్చారు అంది. తాడు విప్పకమ్మా అన్నాను. అది భయపడలేదు, తడబడలేదు, నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. దాని మాట నీకు ఉన్నదున్నట్టు రాస్తాను.

“మా నాన్న తాడుని నమ్మాడు. కట్టినవాణ్ణి నమ్మాడు. ఏమయ్యాడో రోజూ ఇంట్లో చూస్తున్నా. నేను నా ఒంటినే నమ్ముతా. మీరు కట్టే తాడు కంటే లేని తాడే నయం.”

అర్థమైందా అక్కా? బావ దానికి విప్పడం నేర్పలేదు. తాడు మోసం చేసిందని నేర్పాడు. మీ ఇంట్లో ఆరేళ్ళుగా భోజనాల దగ్గర చెప్పుకుంటున్న మాటే దాని నడుం మీద నుంచి కొక్కెం తీసేస్తోంది. మీ నాన్న తాడు దానంతటది ఊడలేదు, మీ నాన్నే విప్పాడు అని పిట్టకి చెప్పాను. డిస్కు చేతిలో పెట్టి, యాభై రెండో నిమిషం చూడమన్నాను. అది డిస్కుని రెండు చేతులా పట్టుకుని టప్పున విరిచింది. మా నాన్నని ఇంకోసారి ఏమన్నా అంటే మర్యాదగా ఉండదని చెప్పి వెళ్ళిపోయింది.

కొట్టుకి పరిగెత్తాను. నాకు అమ్మిన రెండూ పోగా మిగిలినవి కంపెనీకి తిప్పి పంపేశాడట. అంటే నీ దగ్గర ఉన్నదొక్కటే మిగిలింది. దాన్ని జాగ్రత్తగా ఉంచు. ఇంకా ఆరు రోజులు ఉన్నాయి.

నీ చిన్నోడు


సోమవారం

అక్కా,

నిన్న మీ వీధి చివరికి వచ్చాను. గుమ్మం ఎక్కలేదు, మందుల షాపు ముందే నిలబడ్డాను. నువ్వు మేడ మీద బట్టలు ఆరేస్తున్నావు. నన్ను చూశావు. తడి దుప్పటి తీగ మీద సగం వేసి, అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నావు. అరగంట నిలబడ్డాను, దుప్పటి జారి కింద పడిపోయింది గాని నువ్వు రాలేదు.

అప్పుడు నాకు కొంచెం బుద్ధి వచ్చింది. నేను అడుగుతున్నది ఏమిటో ఆలోచించాను. రెండు కర్రల మీద నడిచే మొగుణ్ణి కూతురి ముందు అబద్ధాలకోరుగా నిలబెట్టమని అడుగుతున్నాను. ఆయనకి మిగిలింది ఆ పిల్ల కళ్ళలో ఉన్న గౌరవం ఒక్కటే. అది తీసేస్తే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? నీ కాపురం నీది. నా మీద పడ్డ మచ్చ పోవాలని నీ ఇల్లు తగలబెట్టే హక్కు నాకు లేదు.

అందుకని ఇంకో దారి పంపుతున్నాను. దీంతో పాటు ఒక మడత కాగితం ఉంది చూడు, అది పిట్టకి. అందులో నేను ఒప్పుకున్నాను. ఆ రోజు ఉదయం నుంచీ తాగి ఉన్నాననీ, చేతులు వణికాయనీ, మర తిప్పకుండానే తిప్పానని చెప్పాననీ రాశాను. తాడులో తప్పు లేదు, కొక్కెంలో తప్పు లేదు, తప్పంతా తాగిన మామయ్యది అని రాశాను. తాగనివాడు ఎవడైనా కడితే ఆ తాడు ఏనుగునైనా ఆపుతుందని, కావాలంటే కొక్కెం తనే వేసుకుని మర తనే తిప్పుకోమని, విప్పవద్దని రాశాను. కింద సంతకం పెట్టాను. నిజం చెప్తే నమ్మలేదు, ఇది నమ్ముతుంది. నా మీద చెడు ఏది చెప్పినా నమ్మడానికి అది సిద్ధంగానే ఉంది.

కాగితం దానికి ఇవ్వు, డిస్కు నీ పొయ్యిలో వెయ్యి. బావ మీద ఈగ వాలదు. నేను ఎలాగూ ఆరేళ్ళు మోశాను, అలవాటైన బరువు. ఇంకో ముప్పై ఏళ్ళు మోస్తే నా సొమ్మేం పోతుంది?

ఒక్కటి మాత్రం చెప్తున్నా. బుధవారం సాయంత్రంలోగా కాగితం ఇవ్వడమో డిస్కు చూపించడమో ఏదో ఒకటి చెయ్యకపోతే గురువారం పొద్దున్నే వెళ్ళి ఆ దూకే చోట, సరిగ్గా పడాల్సిన చోటే పడుకుంటాను. లాగేస్తే మళ్ళీ వచ్చి పడుకుంటాను. పిచ్చివాడని పోలీసులకి ఇచ్చినా సరే. అక్కా, నాకు భయంగా ఉంది. ఒక మనిషి పడ్డ చప్పుడు ఒకసారి విన్నాను. ఇంకోసారి వినలేను.

చిన్నోడు


మంగళవారం

ఒరేయ్ చిన్నోడా,

ముందు నువ్వు ఊపిరి పీల్చుకో. పిట్ట క్షేమం. గురువారం తాడుతోనే దూకడం నువ్వూ చూశావు, ఇంక విప్పదు. ఇంక కుదురుగా కూర్చుని చదువు, ఎందుకంటే నేను రాయబోయేది చదివాక నీకు కుదురు ఉండదు.

నీ మూడు ఉత్తరాలూ వచ్చిన రోజే చదివాను. మొదటిది చదివాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు డిస్కు పెట్టాను. సైన్యాధికారి పొట్టివాడైపోయాడని చూసి నాకూ నవ్వొచ్చింది, సిగ్గులేనిదాన్ని. యాభై రెండో నిమిషం దాకా వచ్చాక ఆపి, డిస్కుని నా బట్టల బీరువాలో అడుగున పెట్టాను. ఆయనతో మాట వరసకి, పిట్ట తాడు విప్పి దూకుతోందేమోనండీ అన్నాను. నా కూతురు అలాంటి తెలివితక్కువ పని చెయ్యదు అన్నారు. నమ్మాలనిపించి నమ్మాను. నీ రెండో ఉత్తరం వచ్చాక నమ్మడానికి ఏమీ మిగల్లేదు. అయినా డిస్కు బయటికి తియ్యలేదు. నువ్వు వీధి చివర నిలబడ్డ అరగంటా నేను తలుపు వెనకే నిలబడ్డాను.

ఆ తర్వాత నీ మడత కాగితం వచ్చింది. నిజం చెప్తున్నా, దాన్ని చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. పిల్లా దక్కుతుంది, కాపురమూ దక్కుతుంది, పోయేది మళ్ళీ నీ పరువే. నీ మంచితనాన్ని వాడుకోవడం నాకు కొత్త కాదు. బుధవారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు మామయ్య ఉత్తరం రాశాడని చెప్పి, ఆ కాగితం నేనే పైకి చదివాను. గొంతు కూడా వణకలేదు నాకు.

‘ఉదయం నుంచీ తాగి ఉన్నాను’ అన్న చోటికి వచ్చేసరికి మీ బావ కంచం పక్కకి జరిపారు. మన నాన్న తాగి వచ్చిన రాత్రులన్నీ చూసి, జన్మలో చుక్క ముట్టనని నువ్వు పదేళ్ళప్పుడు అన్న మాట ఆయనకి తెలుసు. పెళ్ళిళ్ళలో అందరూ బలవంతం చేసినా గ్లాసు బోర్లించి కూర్చునేవాడివి, ఆయనే నిన్ను ఏడిపించేవారు. నేను చదువుతూనే ఉన్నాను. ఆయన తల ఎత్తకుండా ఒకటే మాట అన్నారు.

“వాడు తాగడు.”

పిట్ట ఆయన వైపు చూసింది. మరెందుకలా రాశాడు అంది. ఆయన కర్రల కోసం చెయ్యి చాపారు, లేచి వెళ్ళిపోదామని. అవి గోడకి ఆనించి ఉన్నాయి, అందలేదు. నేను తెచ్చి ఇవ్వలేదురా. ఆరేళ్ళలో మొదటిసారి తెచ్చి ఇవ్వలేదు. బీరువా దగ్గరికి వెళ్ళి డిస్కు తెచ్చి పెట్టాను.

పిట్ట మూడుసార్లు చూసింది. నీ చేతులు, ఆయన చెయ్యి. మూడోసారి అయ్యాక, నేనూ ఇలాగే విప్పుతున్నాను నాన్నా అంది. అరవలేదు, మామూలుగా అంది. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి చెప్పారు, తప్పు నాది, తాడుది కాదు, మీ మామయ్యది అసలే కాదు అని. ఆ మాట చెప్పడానికి ఆయన పడ్డ అవస్థ చూస్తే, ట్యాంకు మీద నుంచి పడ్డప్పుడు కూడా అంత నొప్పి పడి ఉండరనిపించింది.

అప్పుడు పిట్ట నా వైపు తిరిగింది.

“అమ్మా, నీకు ముందే తెలుసా?”

తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎంత తేలికైన మాట! ఆయన కూడా నన్ను పట్టివ్వరు, నాకు తెలుసు. కాని దాని చెయ్యి ఆ డిస్కు మీదే ఉంది, రేపు అది నలభై అడుగుల మీద నిలబడాలి. ఎవరో ఒకరి మాట నమ్మి నిలబడాలి. తెలుసు అని చెప్పాను.

అవును తమ్ముడూ. నాకు మొదటినుంచీ తెలుసు. పడ్డ మూడో రోజు ఆసుపత్రిలో తెలివి రాగానే ఆయనే చెప్పారు. మేనేజరు అప్పటికే నాతో అన్నాడు, కట్టినవాడి తప్పయితే వైద్యమంతా కంపెనీ చూసుకుంటుంది, దూకినవాడే విప్పుకుంటే మాకు సంబంధం లేదు అని. నాలుగు ఆపరేషన్లు ఉన్నాయి. నీకు కాళ్ళూ చేతులూ ఉన్నాయి, ఎక్కడైనా బతుకుతావు అనుకున్నాను. విచారణలో నువ్వు ‘తిప్పాను’ అని గట్టిగా నిలబడతావేమోనని భయపడ్డాను. నువ్వు ‘మరిచిపోయానేమో’ అన్నావు చూడు, ఆ క్షణమే లేచి వచ్చి నీ చొక్కా పట్టుకున్నాను. కోపంతో కాదురా. ఆ మాట నువ్వు వెనక్కి తీసుకోకుండా ఉండాలని. ఒట్టు పెట్టిందీ అందుకే. నువ్వు ఎదురుగా కూర్చుని ‘అక్కా, నేనే చేశానంటావా’ అని ఒక్కసారి అడిగితే నేను చెప్పేసేదాన్ని.

గురువారం నేను కూడా షూటింగుకి వెళ్ళాను. నీ కోసం చుట్టూ వెతికాను, ఆ రాళ్ళ గుట్ట వెనక నిలబడి ఉన్నావు, నన్ను చూడలేదు. పిట్ట కొక్కెం తనే వేసుకుంది, మర తనే తిప్పుకుంది, కట్టేవాడి చేత రెండుసార్లు లాగించుకుంది, అది చూసే కాబోలు నువ్వు కింద పడుకోవడానికి రాలేదు. పడింది. చివర్లో తాడు పట్టేసింది, అందంగా లేదని ఎవరో గొణిగారు. మళ్ళీ ఒకసారి విప్పకుండానే దూకింది. నేను తల తిప్పి చూసేసరికి నువ్వు లేవు.

మీ బావ శుక్రవారం ఫైట్ మాస్టర్‌ని ఇంటికి పిలిపించి జరిగింది చెప్పారు, కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టారు. నీకు పని ఇస్తానని మాస్టర్ అన్నాడు. చేస్తావో చెయ్యవో నీ ఇష్టం.

పిట్ట మాత్రం ఇంట్లో లేదు. బుధవారం సాయంత్రమే బట్టలు సర్దుకుని స్నేహితురాలి గదికి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నకి రోజూ ఫోను చేస్తుంది. నా గొంతు వినగానే పెట్టేస్తుంది. తప్పు చేసి బాధపడ్డవాణ్ణి క్షమిస్తుందట, తెలిసి ఊరుకున్నదాన్ని క్షమించదట. న్యాయమే. నువ్వు ఆరేళ్ళు ఎలా ఉన్నావో నాకు ఆరు రోజుల్లో తెలిసింది. అది నీ దగ్గరికి వస్తుంది, తప్పకుండా వస్తుంది. వస్తే నా తరఫున మాట్లాడకు. నీకు జరిగిందంతా దానికి చెప్పు, దాచకుండా చెప్పు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నా ఒట్టు నేనే తీసేశాను. నన్ను తిట్టాలని ఉంటుంది నీకు. ఉత్తరంలో తిట్టకురా, చాలదు. ఇంటికొచ్చి తిట్టు.

నీ అక్క